నగదు పుస్తకంలో ఆయన చేతిరాత

మా లెక్కల సారు పోయారన్న సంగతి నాకు దుకాణం వాళ్ల ఫోన్ గ్రూపులో తెలిసింది. మంగళవారం పొద్దున పదకొండు దాటింది. ఆబిడ్స్‌లోని మా దుకాణం మేడ మీది గదిలో కూర్చుని ముందురోజు బిల్లులు చూసుకుంటున్నాను. "మన పాత అకౌంటెంట్ సారు నిన్న సాయంత్రం నాంపల్లిల ఇంట్లనే పోయిన్రు. హార్ట్ అటాక్" అని కౌంటర్ మీద పనిచేసే పాతమనిషి ఒకాయన పెట్టాడు. దాని కింద వరసగా పద్నాలుగు దండాలు వచ్చాయి. పదిహేనో మెసేజ్ సీలింగ్ ఫ్యాన్ల కొత్త రేట్ల పట్టిక.

మధ్యాహ్నం దుకాణం యజమాని సేటు మెట్లెక్కి పైకి వచ్చాడు. మోకాళ్ల నొప్పులతో ఆయన ఆ మెట్లెక్కి చాలా కాలమైంది.

"వ్యాపారుల సంఘం పుస్తకం వస్తుంది కదమ్మా, అందుల సారు గురించి నాలుగు లైన్లు రాసియ్యి. ఫోటో నేనిస్తా. ముప్పై ఏండ్లు మన దగ్గర చేసిండు. జర మంచిగ రాయి" అన్నాడు.

రాసిచ్చాను. విధేయత, క్రమశిక్షణ, నమ్మకం అనే మాటలు అందులో ఉన్నాయి. సేటు చదువుకుని, తల ఊపి, కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

మీరిప్పుడు చదువుతున్నవి ఆ నాలుగు లైన్లు కావు. ఇవి నేను తర్వాత ఇంట్లో కూర్చుని రాసుకున్నవి.

పందొమ్మిదేళ్ల కిందట బీకాం పాసై ఆ దుకాణంలో చేరాను. ఫ్యాన్లు, మిక్సీలు, గ్రైండర్లు హోల్‌సేల్‌గా అమ్మే చోటు. కింద కౌంటర్లు, వెనక గోడౌను, దాని మీద చెక్కమెట్ల పైన లెక్కల గది. ఒకటే కిటికీ. అందులోంచి సందు, సందు చివర కొంచెం రోడ్డు కనిపిస్తాయి. మాది గుంటూరు వైపు నుంచి తాతల కాలంలో వచ్చి హిమాయత్‌నగర్‌లో కిరాయి ఇళ్లల్లో స్థిరపడిన కుటుంబం. నాన్న మంచాన పడి అప్పటికి ఆరు నెలలు. తమ్ముడు చదువుకుంటున్నాడు. నాకు ఆ ఉద్యోగం ఎంత అవసరమో చెప్పడానికి ఇదంతా రాస్తున్నాను. సాకుగా కూడా రాస్తున్నానేమో.

సారు అప్పటికి యాభై దాటిన మనిషి. పొట్టిగా, సన్నగా, ఎప్పుడూ చేతులు మడిచిన తెల్ల చొక్కాలో ఉండేవారు. నాంపల్లి నుంచి రోజూ నడిచే వచ్చేవారు. రాగానే పొలం నుంచి వచ్చినవాడిలా మోచేతుల దాకా చేతులు కడుక్కుని, తుడుచుకుని, అప్పుడు పుస్తకం ముట్టుకునేవారు. చిన్నప్పుడు ఉర్దూ బడిలో చదివారట. మాట తెలుగైనా కూడిక మాత్రం ఉర్దూలోనే. పెదాలు కదిలీ కదలకుండా "పచ్చీస్, పైంతీస్, సాఠ్" అనుకుంటూ అంకెల వరస మీద పెన్ను దించుకుంటూ వచ్చేవారు. మధ్యలో ఎవరైనా పిలిస్తే ఎడమచేయి పైకెత్తేవారు. సేటు పిలిచినా అంతే. కూడిక అయ్యేదాకా ఆ చేయి దిగేది కాదు.

మొదటి రోజే తప్పు చేశాను. ఉస్మాన్‌గంజ్‌లోని ఒక దుకాణానికి పన్నెండు మిక్సీలు వెళ్లాయి. బిల్లు చేతికి రాగానే నగదు పుస్తకం తీసి, జమ వైపు మొత్తం వేసేశాను. సారు చూశారు. కళ్లజోడు నుదుటి మీదికి తోసుకున్నారు.

"పైసలు కండ్ల చూసినవా బిడ్డా?"

"లేదండీ. బిల్లు ఉంది కదండీ."

"బిల్లు ఉన్నది. సరుకు పోయింది. పైసలు వచ్చినయా?"

"నెల గడువు అన్నారండీ."

"మరి రాని దాన్ని వచ్చిందని ఎట్ల రాస్తవు? సరుకు పోయిన దినం అమ్మకాల పుస్తకంల రాయి. పైసలు వచ్చిన దినం నగదు పుస్తకంల రాయి. ఆ రెండు దినాల నడుమ వాడు మనకు బాకీ. గంతే. లెక్కలల్ల సగం తప్పులు ఈ రెండు దినాలను ఒక్కటి చేసుడుతోనే వస్తయి."

నేను రాసినదాన్ని చింపనివ్వలేదు. ఎర్ర సిరాతో ఒక గీత కొట్టించి, పక్కన నా సంతకం పెట్టించారు. "తప్పు కనవడాలె. కనవడకుంట దిద్దితే అది దిద్దుడు గాదు" అన్నారు.

కంప్యూటర్ వచ్చాక కూడా ఆయన పుస్తకాలు మానలేదు. పగలంతా నేను కంప్యూటర్లో ఎక్కించేదాన్ని. వచ్చిన ప్రతి నగదుకీ ఎవరిచ్చారో, ఎంతో ఒక చీటీ రాసి తీగకి గుచ్చేదాన్ని. సాయంత్రం సారు ఆ చీటీలు ముందు పెట్టుకుని నగదు పుస్తకంలో తన చేత్తో రాసేవారు. చిన్న సేటు, అంటే సేటు కొడుకు, నవ్వేవాడు. "ఏంది సార్, ఒక పనికి రెండుసార్లు జీతమా?" అనేవాడు. సారు నవ్వేవారు కాదు. "కంప్యూటర్ల నిన్నటి దినం మారుస్తే ఎవలకు తెలుస్తది?" అనేవారు.

ఆయన అక్షరం అందమైనదేమీ కాదు. నిలువుగా, ఎముకల్లాగా ఉండేది. కానీ ముప్పై ఏళ్ల పుస్తకాల్లో ఏ పేజీ తెరిచినా అదే అక్షరం. అది ఆయనకు గర్వం. ఆ గర్వమే ఆయన్ని ముంచింది. ముంచడంలో నా చేయి ఉంది.

అక్కడికి వచ్చే ముందు ఇంకొకటి చెప్పాలి. చేరిన ఏడాదే నాన్నని దవాఖానలో చేర్చాల్సి వచ్చింది. అడ్వాన్సు అడిగితే, కొత్తవాళ్లకు ఇవ్వరన్నారు. మర్నాడు సారు ఒక కవరు నా బల్ల మీద పెట్టారు. ఆ సాయంత్రం నగదు పుస్తకంలో చూశాను. తన పేరు మీదే జీతం అడ్వాన్సు రాసుకున్నారు. నెలనెలా ఆయన జీతంలో కోత పడింది. నేను మెల్లగా తీర్చాను. ఆఖరి వాయిదా ఇచ్చిన రోజు ఆయన నాకు ఒక చీటీ రాసిచ్చారు, 'పూర్తిగా ముట్టినది' అని. "ఇచ్చినోళ్లకు చీటీ ఉండాలె" అన్నారు.

నేను చేరిన ఏడో ఏట వసూళ్లు చిన్న సేటు చేతికి వచ్చాయి. ఉస్మాన్‌గంజ్, అఫ్జల్‌గంజ్ వైపు దుకాణాలకు స్కూటర్ మీద వెళ్లి నగదు తెచ్చేవాడు. ఒక మధ్యాహ్నం సారు బ్యాంకుకి వెళ్లిన సమయంలో పైకి వచ్చి యాభై వేలు నా బల్ల మీద పెట్టాడు.

"ఉస్మాన్‌గంజ్ వాళ్ల పేరు మీద ఎక్కియ్యి."

రసీదు పుస్తకం అతని చేతిలోనే ఉంది. కార్బన్ కాపీ మీద అఫ్జల్‌గంజ్ దుకాణం పేరు కనిపిస్తోంది. "ఇది అఫ్జల్‌గంజ్ వాళ్లదండీ" అన్నాను.

"నేను చెప్తున్న కదా. మీ నాయిన ఎట్లున్నడు ఇప్పుడు?" అన్నాడు.

ఆ రెండు మాటలూ ఒకే గొంతుతో, ఒకదాని వెంట ఒకటి అన్నాడు. నేను చీటీ మీద ఉస్మాన్‌గంజ్ అని రాశాను.

జరిగింది ఇది. ఉస్మాన్‌గంజ్ వాళ్లు ముందు వారమే నగదు ఇచ్చేశారు. అది అతను వాడుకున్నాడు. అఫ్జల్‌గంజ్ డబ్బు ఉస్మాన్‌గంజ్ పేరు మీద వేస్తే ఉస్మాన్‌గంజ్ బాకీ తీరినట్టు కనిపిస్తుంది. ఇక నిలబడేది అఫ్జల్‌గంజ్ వాళ్ల బాకీ. దాన్ని కప్పడానికి మూడో దుకాణం డబ్బు. అలా ఒకరి డబ్బు ఇంకొకరి పేరు మీద తిరుగుతూనే ఉంది. ఒక్కసారి చేసి ఊరుకున్నానని చెప్పుకోవాలని ఉంది. ఏడు నెలలు చేశాను. నేను అబద్ధపు చీటీ తీగకి గుచ్చితే, సాయంత్రం సారు ఆ చీటీని నమ్మి, తన నిలువు అక్షరాలతో పుస్తకంలో రాసుకున్నారు. ఆ ఏడాది నా జీతం పదిహేను వందలు పెరిగింది. ఇంకెవరిదీ పెరగలేదు.

బయటపెట్టింది కూడా ఆయనే. ఏటా మార్చి చివర్లో ప్రతి దుకాణానికీ తనే ఫోన్ చేసి, "మా దిక్కు గింత ఉన్నది, మీ దిక్కు ఎంత ఉన్నది?" అని సరిచూసుకునే అలవాటు ఆయనకి. అఫ్జల్‌గంజ్ దుకాణదారు, "మేమెప్పుడో కట్టినం సార్, రసీదులున్నయి" అన్నాడు. సారు ఫోన్ పెట్టేసి, చెప్పులేసుకుని, ఎండలో నడుచుకుంటూ వెళ్లారు. రెండు గంటల తర్వాత చెమటతో తిరిగొచ్చి, రసీదుల వివరాలన్నీ ఒక కాగితం మీద వేసుకుని, నా వైపు చూడకుండా, నేరుగా సేటు దగ్గరికి దిగిపోయారు. తప్పు దొరికింది కాబట్టి యజమానికి చెప్పాలి. ఆయనకి తెలిసింది అంతే.

గంట తర్వాత నన్ను కిందికి పిలిచారు. సేటు గల్లా దగ్గర ఉన్నాడు. చిన్న సేటు తలుపుకి ఆనుకుని నిలబడ్డాడు. నగదు పుస్తకం బల్ల మీద తెరిచి ఉంది.

"నేను తెచ్చిన పైసలు తెచ్చినట్టే ఆయన చేతులనే పెట్టిన నాయినా" అంటున్నాడు చిన్న సేటు. "రాత చూడు. నాదా? ఆయనదా?"

"నేను చీటీ చూసి రాసిన సేటూ. చీటీల మీద ఏ పేరుంటే గదే రాసిన" అన్నారు సారు. గొంతు పెంచలేదు.

సేటు నా వైపు తిరిగాడు. "చీటీలు నువ్వే కదమ్మా రాసేది? ఈ పేర్లు నీకెవరు చెప్పిన్రు?"

అందరూ నన్నే చూస్తున్నారు. సారు కూడా. ఆయన మొహంలో భయం లేదు. నాకు జవాబు తెలిసిన ప్రశ్న అడిగినప్పుడు నిశ్చింతగా చూసేవారే, అలా చూస్తున్నారు.

"సారే చెప్పేవారండీ" అన్నాను.

ఆయన కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నారు. మళ్లీ పెట్టుకోలేదు. పైకి వెళ్లి టిఫిన్ డబ్బా తెచ్చుకున్నారు. సేటు పోలీసుల దాకా వెళ్లలేదు. "వయసు చూసి వదిలిపెడుతున్న" అన్నాడు. ముప్పై ఏళ్లకి రావలసిన గ్రాట్యుటీ నష్టం కింద పట్టుకున్నాడు. నాలుగు నెలల తర్వాత చిన్న సేటుని వసూళ్ల నుంచి తప్పించి, హిమాయత్‌నగర్‌లో కొత్త షోరూమ్ పెట్టించి ఇచ్చాడు. దొంగ ఎవరో తెలియకపోతే వసూళ్లు ఎందుకు మాన్పిస్తాడు? నన్ను మాత్రం సారు కుర్చీలో కూర్చోబెట్టారు.

ఆ తర్వాత సారు నాంపల్లిలో ఒక జిరాక్స్ దుకాణం ముందు చిన్న బల్ల వేసుకున్నారు. స్టేషన్ రోడ్డు చిల్లర వ్యాపారులకి లెక్కలు రాసేవారు. ఒక టైర్ల అతను, ఒక చాయ్ హోటల్, గాజులమ్మే ఒకామె. కూర్చునేది ప్లాస్టిక్ స్టూలు మీద. ఎండ వాలితే బల్లని గోడవైపుకి జరుపుకునేవారు. ఇవన్నీ నాకెలా తెలుసంటే, నేను రోడ్డు అవతలి నుంచి చూసేదాన్ని. ఆ దారిన వెళ్లాల్సి వస్తే అటు పక్కకి దాటేదాన్ని. ఏళ్ల తరబడి దాటాను.

ఒక్కసారి తప్పించుకోలేకపోయాను. కూరగాయల సంచీతో ఎదురుపడ్డారు. బాగా వంగిపోయారు.

"నాయిన ఎట్లున్నడు బిడ్డా?" అన్నారు.

"పోయారండీ. ఏడాదయింది."

ఆయన అక్కడే ఆగిపోయారు. సంచీ కింద పెట్టారు. "నాకు చెప్పలేదేంది?" అన్నారు.

దాని వెనకాల ఎత్తిపొడుపు ఏమన్నా ఉందేమోనని చాలాకాలం వెతుక్కున్నాను. లేదు. చావు కబురు తనకి చెప్పలేదని నిజంగా నొచ్చుకున్నారు. అప్పుడైనా నోరు తెరవాల్సింది. బస్సు వస్తోందండీ అని చెప్పి వెళ్లిపోయాను. నేనెక్కవలసిన బస్సు అది కాదు. అయినా ఎక్కాను.

కబురు తెలిసిన మర్నాడు సెలవు పెట్టి ఆయన ఇంటికి వెళ్లాను. నాంపల్లిలో, ఇద్దరు మనుషులు ఎదురైతే ఒకరు పక్కకి ఒదగాల్సిన గల్లీ. ముందు గదిలో చాప వేసి ఉంది. నలుగురైదుగురు కూర్చున్నారు. గాజులామె ఎవరికో చెబుతోంది: "బ్యాంకోళ్లు నాకు లోన్ ఇయ్యమన్నరు. సారు నా రెండేండ్ల లెక్క పట్టుకొని నాతోని వచ్చిండు. రోజు అమ్మకం రోజు రాసి ఉన్నది. మేనేజరు చూసి, ఇది ఎవలు రాసిన్రు అని అడిగిండు." ఆమె కళ్లు తుడుచుకుంది. ఆ గదిలో ఆయన గురించి నిజం మాట్లాడగలిగిన మనుషులు వాళ్లే. నేను గోడ పక్కన కూర్చున్నాను.

అందరూ లేచాక సారు భార్య నా దగ్గరికి వచ్చి కూర్చుంది. నన్ను ఎప్పుడో ఒకసారి చూసింది. గుర్తుపట్టింది.

"అమ్మా, మీకొక మాట చెప్పాలి" అన్నాను. "ఆ రోజు దుకాణంలో నేను..."

"ఎరుకే" అంది. "ఆ దినమే ఇంటికొచ్చి చెప్పిండు."

ఆమె చాప అంచున లేచిన పుల్లని లోపలికి దోపుతూ మాట్లాడింది.

"మా తమ్ముడు కోర్టుకు పోదామన్నడు. వద్దన్నడు ఈయన. ఆ పిల్ల తండ్రి మందులు ఆమె జీతం మీద నడుస్తున్నయి, భయపడ్డది, రెండు దినాలైతే తనే వస్తది అన్నడు. నెల రోజులు యాడికీ పోలేదు. తలుపు చప్పుడైతే లేచి చూసేటోడు. నేను తిట్టిన. ఎవలు రారు, అన్నం తిను అన్న. వస్తది అన్నడు." ఆమె ఇంకో పుల్లని లోపలికి దోపింది. "తర్వాత ఆ బల్ల కొనుక్కొచ్చుకున్నడు. అటెన్క నీ మాట ఎత్తలే."

నన్ను తిట్టలేదు. క్షమించానని కూడా అనలేదు. అనాలని నేను ఎదురుచూశానని ఒప్పుకోవాలి. ఏడుపు వచ్చింది. ఆమె ఊరుకోమనలేదు, దగ్గరికి తీసుకోలేదు. ఏడ్వనిచ్చి, లేచి లోపలికి వెళ్లింది.

దుకాణానికి ఈ సంగతంతా రాసిస్తానని, గ్రాట్యుటీ అడుగుదామని అన్నాను, ఆమె తిరిగి వచ్చాక. ఆమె నా మొహంలోకి చూసింది.

"ఇప్పుడా?" అంది.

అయినా రాస్తున్నాను. ఇది అచ్చయిన రోజు ఆ కుర్చీ నాకు ఉండదు. దాన్ని త్యాగమని ఎవరూ అనుకోవద్దు. నా ఉద్యోగం పోవడం ఆయనకి పనికొచ్చే రోజు ఒకటుంది. అది పన్నెండేళ్ల కింద దాటిపోయింది. ఆయన అమాయకుడని ఇప్పుడు ఊరంతా నమ్మినా, ఆ స్టూలు మీద ఆయన కూర్చున్న మధ్యాహ్నాలు తిరిగిరావు. ఆయన దగ్గర నేర్చుకున్న పనితోనే నేను పన్నెండేళ్లు అన్నం తిన్నాను. ఆ కృతజ్ఞత నాకుంది. దాన్ని చెప్పుకునే మొహమే లేదు.

ఆ రోజు ఆమె మళ్లీ లోపలికి వెళ్లి ఒక ప్లాస్టిక్ కవరు తెచ్చింది. బ్యాంకు పాస్‌బుక్కు, ఆధార్ కాపీలు, ఆ పొద్దున ఆమె తమ్ముడు బ్యాంకు నుంచి తెచ్చిన ఒక దరఖాస్తు. ఆయన ఖాతాలో ఉన్నది ఆమె పేరుకి మార్చడానికి.

"మావోళ్లకెవలకు ఇది నింపరాదు. గివన్ని ఆయనే చూసేటోడు" అంది. "నీకైతే ఎరుక కదా."

పెన్ను తీసి నింపడం మొదలుపెట్టాను. చనిపోయినవారి పేరు. ఖాతా నంబరు. నిలవ, పదకొండు వేల చిల్లర. దరఖాస్తుదారుకు ఏమవుతారు. ఆమె చెబుతుంటే రాశాను. సంతకం చేయాల్సిన చోట ఆమె ఒక్కో అక్షరం కూడబలుక్కుని తన పేరు రాసింది. కాగితం నా వైపు తిప్పింది. అడుగున ఇంకా ఒక గీత ఖాళీగా ఉంది.

"గీడ ఎవలదో సంతకం కావాలన్నరు" అంది. "సాక్షి అట. నువ్వు చెయ్యి బిడ్డా."

కాగితం కదలకుండా, ఆ గీత పక్కనే వేలు ఆనించి పట్టుకుని ఆమె కూర్చుంది.